పది అడుగుల గదికి 8 అంగుళాల మానిటర్లు ఎందుకు?

ఇంట్లో స్టూడియో పెట్టుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. మిక్సింగ్‌కి వూఫర్ (బేస్ వినిపించే కోన్) 8 అంగుళాలున్న యాక్టివ్ మానిటర్లే, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉన్న స్టూడియో స్పీకర్లే కొనాలట. 5 అంగుళాలవాటిలో బేస్ వినపడదట, వాట్స్ ఎంత ఎక్కువుంటే అంత మేలట, వెనక పోర్టు (గాలి ఆడే రంధ్రం) ఉన్నవి చిన్న గదికి పనికిరావట, మిగతాదంతా గోడలకు అంటించే ఫోమ్ చూసుకుంటుందట. ఇది నమ్మి డబ్బు పోసినవాళ్లు మిక్స్ కుదరక అవస్థ పడుతున్నారు కాబట్టి ఒక్కో మాటా తేల్చాలి.

ముందు బేస్ సంగతి. తేడా ఉన్నమాట నిజమే. 5 అంగుళాల యమహా హెచ్ఎస్5 స్పెసిఫికేషన్‌లో 3 డెసిబెల్స్ తగ్గే చోటు 74 హెర్ట్జ్, 8 అంగుళాల హెచ్ఎస్8లో 47. కానీ ఆ 47 నుంచి 74 దాకా మీ గదిలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న మామూలు బెడ్‌రూమ్ తీసుకోండి. పొడవు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల 56 దగ్గర గది మోగుతుంది. ఎత్తు కూడా పదే కాబట్టి ఆ 56 మీదే ఇంకోటి వచ్చి పడుతుంది. పెద్ద వూఫర్ సరిగ్గా అక్కడే దాదాపు పూర్తి బలంతో కొడుతుంది. చిన్నది అక్కడికి వచ్చేసరికి తనంతట తానే తగ్గుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. స్పీకర్లు పొడవువైపు చూసేలా పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో సాదా సైన్ టోన్‌తో ఈ1 (41 హెర్ట్జ్) నుంచి ఒక్కో స్వరం ఒకే వాల్యూమ్‌లో పైకి వాయించండి. కుర్చీ గది పొడవుకు సరిగ్గా మధ్యలో ఉంటే ఎఫ్ షార్ప్ (46 హెర్ట్జ్) దాదాపు మాయమవుతుంది. అదే కుర్చీ వెనక గోడకు ఆనిస్తే ఆ స్వరమే ఉబ్బిపోతుంది. మధ్యలో కూర్చున్నవాళ్లు బేస్ చాలలేదనుకుని పెంచుతారు, కారులో వింటే డోర్లు అదురుతాయి. ఎదుటి గోడ నుంచి పొడవులో 38 శాతం దూరం, అంటే ఇక్కడ సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టి, అర అడుగు చొప్పున జరుపుతూ స్వరాలన్నీ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడ కూర్చోండి. అట్టడుగు బేస్ మంచి హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకోండి.

1978లో వచ్చిన యమహా ఎన్ఎస్-10 స్పీకర్ వూఫర్ 18 సెంటీమీటర్లే, పెట్టె మూసినది, లోతైన బేస్ తక్కువ. ప్రపంచమంతటా స్టూడియోల్లో దశాబ్దాలపాటు మిక్సులు దాని మీదే తేలాయి.

వాట్స్‌కి ఎక్కువ చర్చ అక్కర్లేదు. హెచ్ఎస్5 70 వాట్లు, హెచ్ఎస్8 120. ఆ తేడా విలువ రెండున్నర డెసిబెల్స్‌ లోపే. మీటరు దూరంలో సగటున 75 డెసిబెల్స్ వినడానికి ఒక వాట్ కూడా పట్టదు. చిన్న గదిలో అంతకు మించి పెట్టి పనిచేస్తే చెవులు త్వరగా అలిసిపోతాయి.

వెనక పోర్టు మాట సగమే నిజం. గాలి ఆడడానికి 10 సెంటీమీటర్ల సందు వదిలితే సరిపోతుంది. పోర్టు ముందున్నా వెనకున్నా తక్కువ ఫ్రీక్వెన్సీలు పెట్టె చుట్టూ పాకుతాయి, స్పీకర్ వెనకున్న గోడకు తగిలి తిరిగొస్తాయి. వూఫర్ నుంచి గోడకున్న దూరాన్ని బట్టి ఏదో ఒకచోట శబ్దం శబ్దాన్నే చంపుతుంది: మీటరైతే 86 హెర్ట్జ్, 60 సెంటీమీటర్లైతే 143. బేస్ గిటార్, కిక్ అన్నీ అక్కడే ఉంటాయి. అందుకే చిన్న గదిలో గోడకు దగ్గరగా జరపడమే నయం. దూరం 32 సెంటీమీటర్లకు తగ్గితే ఆ గుంట 268కి వెళ్తుంది, అక్కడ పీల్చడం సులువు. గోడ వల్ల పెరిగిన బేస్‌ని వెనకున్న రూమ్ కంట్రోల్ స్విచ్ మైనస్ 2కో మైనస్ 4కో తిప్పి తగ్గించండి.

ఫోమ్ విషయంలో జరిగే నష్టం అన్నిటికన్నా ఎక్కువ. రెండంగుళాల ఫోమ్ పనిచేసేది ముఖ్యంగా 500 హెర్ట్జ్ పైన. గోడలన్నిటికీ అంటిస్తే పైశబ్దాలు చచ్చిపోతాయి, కింద గుమ్‌గుమ్ అలాగే ఉంటుంది. ఆ డబ్బుతో ఘనమీటరుకు 48 కేజీల డెన్సిటీ ఉన్న రాక్‌వూల్ (రాతి ఉన్ని), 50 మిల్లీమీటర్ల పలకలు రెండేసి కలిపి చెక్క ఫ్రేములో బిగించి, గుడ్డ కప్పి, మూలల్లో ఏటవాలుగా నేల నుంచి సీలింగ్ దాకా నిలబెట్టండి. కోసేటప్పుడు మాస్కు, గ్లవుజులు తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ కరెక్షన్ ఉబ్బిన చోట్లను దించగలదు గానీ, గుంటలను పూడ్చలేదు.

మరి 8 అంగుళాలు ఎవరికి? 15 అడుగులకు 20 అడుగుల గది ఉండి, మీటరున్నర పైన దూరంలో కూర్చునేవాళ్లకు నిక్షేపంగా పనికొస్తాయి. మిగతావాళ్లు 5 అంగుళాలవి కొని, మిగిలింది రాక్‌వూల్‌కీ స్టాండ్లకీ పెట్టండి. ట్వీటర్ (పైశబ్దాలు వినిపించే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజంలా కుదరాలి.

కేబుల్ బ్యాలెన్స్‌డ్‌ది (దారిలో పట్టే రొదను రద్దు చేసేది) వాడండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె), ల్యాప్‌టాప్, స్పీకర్లు ఒకే పవర్ బోర్డుకు పెట్టండి, హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన జత అయితే, ప్లగ్ పెట్టకముందే వెనక ప్యానెల్ మీద వోల్టేజీ చదవండి. 120 మాత్రమే రాసుంటే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాల్సిందే, పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు.