మెగామ్యాన్ నెట్‌వర్క్ ట్రాన్స్‌మిషన్ గారికి, పాజ్ నొక్కి రాస్తున్న లేఖ

మహారాజశ్రీ నెట్‌వర్క్ ట్రాన్స్‌మిషన్ గారికి,

మీరు వీడియో గేమ్, నేను మిమ్మల్ని ఆడుతున్నవాణ్ణి. పదకొండోసారి మీ మొదటి పెద్ద విలన్ ఫైర్‌మ్యాన్ ముందు నిలబడి, పాజ్ నొక్కి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. అతను వదిలిన మంట మా హీరో మెగామ్యాన్ ముక్కుకి జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. అందుకని కుశల ప్రశ్నలు వదిలేస్తున్నాను.

మీ పుట్టిల్లు గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టే ఆటల యంత్రం. 2001లో వచ్చిన మీ పెద్దక్క బాటిల్ నెట్‌వర్క్ ఎంత మర్యాదస్తురాలో! యుద్ధమంటే మొత్తం 18 గళ్లు. తొమ్మిది మనవి, తొమ్మిది వాళ్లవి. మనం చిప్పులు, అంటే దాడికి వాడే ఆయుధాలు, ఏరుకున్నంతసేపూ శత్రువులైన వైరస్‌లు చేతులు కట్టుకుని నిలబడేవి.

మీరు 2003లో టీవీకి తగిలించే గేమ్‌క్యూబ్ మీద అవతరించారు. ఆ డబ్బాకి వెనక ఓ పిడి ఉంటుంది. దాన్ని చూసి ఇదీ చేత్తో పట్టుకు తిరిగేదే అనుకున్నారేమో. అప్పటికే జపాన్‌లో మీ ఇంటి మూడో ఆట కూడా వచ్చేసింది. మీరేమో నా కథ ఒకటికీ రెండుకీ మధ్య జరిగిందన్నారు. చివర పుట్టి, బర్త్ సర్టిఫికెట్ దిద్దించుకుని రెండో సంతానం అయిపోయారన్నమాట!

సరే, వరసల గొడవ మీ ఇంటి విషయం. నా బాధ వేరు. ఒకవైపు చిప్పుల ఆట, ఇంకోవైపు పాతకాలం మెగామ్యాన్ గెంతుల ఆట. రెండిళ్ల వారసులు మీరు. ఆ ఇంటి నుంచి లెక్కలు, ఈ ఇంటి నుంచి గోతులు తెచ్చుకున్నారు. తెర మీద మెల్లగా నిండే గేజ్ అనే గీత నిండితేగానీ కొత్త చిప్పులు రావు. చిప్ వాడటానికి ఖర్చయ్యే ఎంపీ పాయింట్లు లేకపోతే ఉన్న చిప్ పేలదు. ఈ గేజ్ అక్కగారింట్లోనూ ఉంది గానీ, అక్కడ కాలు జారి పాతాళంలో పడే ప్రమాదం లేదు. ఇక్కడ ఏ చిప్ వాడబోతున్నానో పోల్చుకునేలోపు కాలికింద నేల ఉండదు.

ఇక ఈ ఫైర్‌మ్యాన్. అక్కగారి ఆటలో ఇతను హీరో ఇంటి ఓవెన్‌లో దూరి మంటపెట్టిన మనిషి. ఓవెన్‌కి ఇంటర్నెట్ ఏమిటని అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు గదిలో బల్బు కూడా పాస్‌వర్డ్ అడుగుతోంది, ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వంటింటి మనిషిని ఇంతవాణ్ణి చేసి, మొదట్లోనే నా మీదకి వదలడం ఏం న్యాయం? నాకు చూస్తే 100 హెచ్‌పీ, అంటే ప్రాణం పాయింట్లు, ఆవాలు విసిరినట్టు తగిలే బస్టర్ అనే చేతి తుపాకి. మంట వస్తుంది, ఎగురుతాను. దిగేచోట ఇంకో మంట నా కోసమే కూర్చుని ఉంటుంది.

ఇతన్ని దాటితే మాత్రం ఏముంది! పాత మెగామ్యాన్ ఆటల విలన్లే వరసగా ఉన్నారు: 1988 నాటి క్విక్‌మ్యాన్, 1990 నాటి నీడిల్‌మ్యాన్, 1992 నాటి స్టార్‌మ్యాన్, గ్రావిటీమ్యాన్. రిటైరైన వాళ్లందరికీ కొత్త యూనిఫాం కుట్టించి మళ్లీ డ్యూటీలో వేసుకున్నారు.

కథలో జీరో వైరస్‌కి ఓ వ్యాక్సిన్ పెట్టారు. అది వేసుకున్న నావీలకి, అంటే నెట్‌లో తిరిగే మెగామ్యాన్ లాంటి ప్రోగ్రామ్ మనుషులకి, పిచ్చెక్కుతుంది. మీ సాయం ఎలా ఉంటుందో మీరే చెప్పుకున్నట్టయింది.

ఇంత తిట్టాక ఒక్క మాట ఒప్పుకోవాలి. బొమ్మలు త్రీడీ, నడక టూడీ. ఆ పొందిక బాగా కుదిరింది. గేజ్ నిండిన క్షణాన సరైన చిప్ తగిలి అవతలివాడి హెచ్‌పీ జర్రున దిగిపోతే, ఆ సుఖం 18 గళ్లలో నాకు దొరకలేదు. ఇప్పటిదాకా అది రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ఆ ఆనందంలోనే గోతిలో పడ్డాను.

జవాబు అక్కర్లేదు. గేజ్‌లో ఇంకా వెంట్రుకవాసి ఖాళీ కనిపిస్తోంది. మంట జానెడు దూరంలోనే ఉంది. పాజ్ తీస్తున్నాను.

ఇట్లు,
100 హెచ్‌పీల ఆసామి
(ప్రస్తుతం 12)