డైలాగు చాటున బెదిరింపు

హైదరాబాద్‌లో గల్లీ నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, మెట్రో పిల్లర్లకూ కరెంటు స్తంభాలకూ ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. నడుమ నాయకుడు నిలువెత్తున దండం పెడుతుంటాడు. పక్కన గొడ్డలో, వేటకొడవలో. నెత్తిన ఎర్రటి అక్షరాల్లో, ‘పుష్ప 2’ సినిమాలో ఎర్రచందనం స్మగ్లరు పలికిన నరుకుడు డైలాగు. అడుగున తపాలా బిళ్లలంత ఫొటోల్లో బారులు తీరిన అనుచరులు, వారిలో మీసం మొలవని పిల్లలు. ఇదేం పద్ధతని అడిగితే అందరి నోటా ఒకటే జవాబు: సినిమా డైలాగే కదా!

ఈ జవాబును ఇక చెల్లనివ్వకూడదు. 2025 జూన్‌లో పల్నాడు జిల్లా రెంటపాళ్లకు జగన్‌మోహన్‌రెడ్డి వెళ్లినప్పుడు, అధికారంలోకి రాగానే జాతరలో పొట్టేళ్లను నరికినట్టు ‘రప్పా రప్పా’ నరుకుతామంటూ జనంలో ఒక ప్లకార్డు లేచింది. కార్యకర్తను మందలించాల్సిన మాజీ ముఖ్యమంత్రి, సినిమా డైలాగు పెట్టినా తప్పేనా అని ఎదురు ప్రశ్నించారు. తర్వాత అవే మాటలు తెలంగాణలోనూ ప్లకార్డులకెక్కాయి. పార్టీ మారింది, రాష్ట్రం మారింది, సాకు మాత్రం అదే.

విలన్‌ను నెత్తిన పెట్టుకోవడం తెలుగువాడికి కొత్త కాదు. 1951లో ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు కనిపించిన నాటి నుంచి మనకు ప్రతినాయకులంటే మోజే. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో దుర్యోధనుడి డైలాగుల్ని ఎన్టీఆర్ నోట విని ఊళ్లకు ఊళ్లు కంఠస్థం చేశాయి. 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరు మరీ ప్రత్యేకం. పొద్దున్నే ఎర్రటి సూర్యుణ్ణి చూసి అతడికి ఆకాశంలో మర్డర్ జరిగినట్టు తోస్తుంది. ఎంత అందంగా మాట్లాడితే అంత ప్రమాదకారి ఆ మనిషి. చమత్కారమంతా అతడికే ఇచ్చిన బాపు, రమణలు అతడు చేసే పాపాన్ని మాత్రం ఒక్క క్షణం కూడా మరవనివ్వలేదు. అందుకే హాలంతా నవ్వింది, అంతలోనే జడిసింది. ఆ మాటలు కాలేజీ వార్షికోత్సవాల్లో మిమిక్రీ అయ్యాయి, పెళ్లి భోజనాల దగ్గర సరదా అయ్యాయి. ఎదుటి పార్టీవాడి గుమ్మం ముందు బెదిరింపు కాలేదు.

ఇప్పుడు విలన్ చేసే పనులన్నీ హీరోకే బదిలీ అయ్యాయి. దుంగలు తరలించేదీ అతడే, తలలు నరికేదీ అతడే, చివరికి చప్పట్లు కొట్టించుకునేదీ అతడే. తప్పుడు మనిషి కథ చెప్పడం కూడా కళేననీ, చూసిన ప్రతివాడూ కత్తి పట్టడనీ సినీ పరిశ్రమ అంటోంది; ఆ స్వేచ్ఛతో మాకు పేచీ లేదు. మా పేచీ ఆ మాటను తెర మీంచి దించి వీధిలోకి తెచ్చి, తీరా నిలదీస్తే మళ్లీ తెర చాటుకు పారిపోతున్న నాయకులతో.

వీరి ద్వంద్వనీతిని చూడండి. 2024 జులైలో బంజారాహిల్స్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఒక షరతు పెట్టారు. టికెట్ ధరల పెంపు కోరేవారు ముందుగా తమ తారలతో మత్తుమందులు, సైబర్ నేరాలపై అవగాహన వీడియోలు చేయించాలన్నారు. మంచి మాటే. తార ఒక మాట చెబితే కుర్రకారు వింటుందన్న నమ్మకం దాని వెనుక ఉంది. మరి వద్దని తార చెబితే వినే కుర్రాడు, నరుకుతానని అదే తార అంటే వినడా? మంచి చెప్పించుకోవాల్సినప్పుడు సినిమాకు సమాజాన్ని మార్చే శక్తి ఉంటుంది. తమ ఫ్లెక్సీల దగ్గరికి వచ్చేసరికి అది వట్టి డైలాగు అయిపోతుంది. పాలకపక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా అందరూ ఈ రెండు మాటలనూ అవసరాన్ని బట్టి వాడుకుంటున్నారు.

ఎర్రచందనం నరికితే అసలేం జరుగుతుందో శేషాచలం అడవి చెబుతుంది. 2015 ఏప్రిల్ 7న అక్కడ పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వచ్చిన వాళ్లు. దుంగలు నరికే కూలీలంటూ కాల్చిన ఆ మనుషులకు వెనుక నుంచి పాట రాలేదు, స్లో మోషన్ నడకా లేదు. సినిమాయే కదా అని తప్పించుకునే వెసులుబాటూ వారికి లేదు. తెర మీది స్మగ్లరు పేరు చెప్పి మీసం తిప్పే నాయకులెవరికీ ఆ కూలీల ఇళ్లు గుర్తుకు రావు.

చట్టంలో సందేహం లేదు. భారతీయ న్యాయ సంహితలోని 351వ సెక్షన్ ప్రకారం బెదిరింపు నేరం. చంపుతానని బెదిరిస్తే ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ మాట సొంతమా, రచయిత రాసిచ్చిందా అని సెక్షన్ అడగదు. అడుగుతున్నది మన పోలీసులే, అదీ మనిషిని బట్టి. కత్తి పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టిన బస్తీ కుర్రాడిని స్టేషన్‌కు ఈడ్చుకెళ్లి కేసు కడతారు. చేయాల్సిందే. అదే కత్తిని నాయకుడి బొమ్మ పక్కన ముద్రించి కూడలిలో కడితే, దాని కిందే నిలబడి ట్రాఫిక్ నడిపిస్తారు. కుర్రాడికి వర్తించని సాకు నాయకుడికి ఎలా వర్తిస్తుంది? ఇవాళ వదిలేసిన ఫ్లెక్సీయే రేపు ఎన్నికల ప్రచారానికి నమూనా. రేపు ఒకడు ఆ మాటను చేతల్లో పెడితే, అప్పుడూ సినిమా డైలాగే కదా అని సరిపెట్టుకుంటారా?

జీహెచ్ఎంసీ, పోలీసులు కలిసి ఆ ఫ్లెక్సీలను ఈ రాత్రికే దించాలి. కట్టిన కూలీ మీదో, ముద్రించిన ప్రెస్సు మీదో కాదు, అందులో నిలువెత్తున దండం పెడుతున్న నాయకుడి పేరు మీదే కేసు రాయాలి. సొంత పార్టీ వాడైనా సరే రాయాలి. ఆ పాటి ధైర్యం లేని ప్రభుత్వానికి, మత్తు జోలికి పోవద్దని సినీ తారల నోట పిల్లలకు చెప్పించే అర్హత లేదు.