సవరణ: ఇంకుడు గుంతకు నీటిమట్టం కొలవాల్సింది మేలో కాదు

సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే గుంత కోసం మే నెలలో బావి నీటిమట్టం కొలిస్తే చాలని మునుపటి పోస్టులో ఉంది. ఆ మాట తీసేశాం. మేలో కనిపించేది అడుగంటిన మట్టం. మనకు కావాల్సింది బాగా పైకొచ్చిన మట్టం. విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమిలి పల్లెల్లో అయితే అక్టోబరు, నవంబరు వానల తర్వాత కొలవండి.

బోరు లెక్క పనికిరాదు. అందులో తెలిసేది రాతి పగుళ్లలోని నీరు, పైపొర ఊట కాదు. దగ్గర్లోని నేలబావే చూడండి. రాత్రంతా మోటారు ఆపి, పొద్దున్నే టేపు వదిలి, వచ్చిన లెక్కలోంచి బావి గట్టు ఎత్తు తీసేయండి. చాలామంది గట్టు సంగతి మరిచిపోయి, నీరు ఉన్నదానికంటే లోతుగా ఉందనుకుంటారు.

గుంత అడుగు నుంచి అలా కొలిచిన నీటిమట్టానికి కనీసం 2 మీటర్ల పొడి మట్టి ఉండాలి, క్రిములను వడగట్టేది అదే. తాగునీటి బావికి 18 మీటర్ల దూరం తప్పనిసరి.

వానల దాకా ఆగలేకపోతే గొయ్యి తీసి గోడ చూడండి. ఎర్రమట్టిలో బూడిదరంగు మచ్చలు, తుప్పు చారలు ఎక్కడ మొదలైతే, వానాకాలంలో నీరు అక్కడిదాకా వస్తోందని లెక్క. అది పైనే ఉంటే లోతు గుంత మానేసి, తక్కువ లోతులో పొడవాటి కందకం వేయించండి.