కప్పు గెలిచినోళ్లకు కోట్లిస్తే పల్లెలో ఆట పెరగదు

ఇండియా క్రికెట్ కప్పు గెలిచిన ప్రతిసారీ మా నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "కష్టకాలమని సంబరం మానుకుంటామా? 1983లో దేశం ఇంకా పేదది, అయినా పండగ చేసుకోలేదా? లక్షల కోట్ల బడ్జెట్‌లో ఈ సన్మానాలు సముద్రంలో కాకిరెట్ట. సర్కారు కోట్లిస్తేనే పల్లె పిల్లలు ఆటల్లోకి వస్తారు. వద్దనేవాళ్లకు దేశమంటే ప్రేమ లేదు." పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు 1983 సంగతి. కపిల్‌దేవ్ జట్టు గెలిచొస్తే వాళ్లకు ఇవ్వడానికి క్రికెట్ బోర్డు దగ్గరే డబ్బుల్లేవు. లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసి పోగుచేసిన సొమ్ముతో ఆటగాళ్లకు తలా లక్ష ముట్టింది. ఇప్పుడు బోర్డుకు ఆ పేదరికం లేదు. 2024లో టీ20 కప్పుకు తానే 125 కోట్లు ప్రకటించింది. దాని మీద మహారాష్ట్ర సర్కారు 11 కోట్లు ఇస్తామంది. మన తెలంగాణ సర్కారు ఆ జట్టులోని సిరాజ్‌కు జూబ్లీహిల్స్‌లో 600 గజాల జాగా, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఆటో నడిపిన తండ్రి కొడుకు అంత ఎత్తుకు ఎదగడం మనందరికీ గర్వమే. కానీ అప్పటికే బోర్డు సొమ్ము అందుకున్న ఆటగాడికి ప్రజల జాగా ఎందుకు?

రెండోది, కాకిరెట్ట లెక్క. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3 లక్షల కోట్లు దాటిన మాట నిజం. అదే ఏడాది నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. పిల్లల ఫీజుకు పైసల్లేవన్నప్పుడు సన్మానానికి ఎక్కడినుంచి వస్తున్నాయని అడగడం తప్పెలా అవుతుంది? ఊరికి లక్ష చొప్పున వేసుకున్నా ఒక్క కోటి నూరు ఊళ్ల మైదానాలకు వస్తుంది.

ఇక పల్లె పిల్లల మాట. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మా పిల్లలకు ఆట మీద ఇష్టం ఎవరో కోట్లిచ్చి పుట్టించాల్సిన పని లేదు. తెల్లవారుజామున సాగర్ రోడ్డు మీద చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలని కుర్రాళ్లు చీకట్లో, లారీల పక్కన పరుగెత్తుతుంటారు. ఊళ్లో వాళ్లకు ట్రాక్ లేదు. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. దేవరకొండ వైపు ఒకటి చూశాను. పేరు రాసిన పలక కొత్తగానే ఉంది, లోపల సర్కారు తుమ్మ మొలిచింది. వాలీబాల్ స్తంభాలున్నాయి, నెట్ లేదు. డబుల్ బార్‌కు మేకను కట్టేశారు. అక్కడి బడిలో ఆడపిల్లలు కబడ్డీ బాగా ఆడతారు. కోర్టు గీతలకు సున్నం కూడా పీఈటీ సార్ సొంత డబ్బులతోనే తెస్తాడు. జోనల్ పోటీలకు వెళ్లడానికి ఆటో కిరాయి తల్లిదండ్రులు తలా కొంత వేసుకున్నారు. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాల పిల్లలైతే సీజన్ మధ్యలోనే బడి నుంచి మాయమవుతారు. టీవీలో చెక్కు చూసినంత మాత్రాన వీళ్లకు బూట్లు, రోజుకో గుడ్డు రావు.

బహుమతులే వద్దని నేననను. వరంగల్ జిల్లా కూలి కుటుంబంలో పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఆమెకు సర్కారు కోటి ఇచ్చింది, కోచ్‌కు 10 లక్షలు ఇచ్చింది. అది న్యాయం. ఆ ఆటల వెనక క్రికెట్ బోర్డు లాంటి డబ్బున్న సంస్థ లేదు.

చివరిగా దేశభక్తి. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ కప్పు సంబరం. ముందురోజు రాత్రే గెలిచిన జట్టుకు తెల్లారి కర్ణాటక సర్కారు విధానసౌధలో సన్మానం పెట్టింది. చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ రోజు 'ఇంత తొందరెందుకు' అని అడిగినవాళ్లకు ఆట మీద ప్రేమ లేదనగలమా?

ఈ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే మీ బడి పీఈటీ పోస్టు ఖాళీగా ఉందో లేదో కనుక్కుని, అదే జవాబుగా పెట్టండి.