సర్వీసింగ్ కోసం సరిహద్దు దాటాలా?

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే రాజావారు సొంత డబ్బుతో రైలు వేయించారు. అలాంటి ఊళ్ళో పుట్టి, మోటార్ సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని నట్లు బిగించుకోవడం ఎంత తలవంపులు!

ఇందులో రాజ్యాంగపరమైన చిక్కు కూడా ఉంది. 1936లో గీసిన గీత మమ్మల్ని ఒడిశాలో కలిపి, పాతపట్నాన్ని అటే వదిలేసింది. మా మెకానిక్ ఉండేది పాతపట్నంలో. అంటే చెయిన్‌కి నూనె పూయించాలన్నా నేను రాష్ట్రం దాటాలి. పక్కనే కదా అనకండి, సరిహద్దు సరిహద్దే. అందుకే ఇంట్లోనే బండిని పైకెత్తే యంత్రం పెట్టాలని తీర్మానించాను. దాన్ని లిఫ్టు అనాలా, జాకీ అనాలా అన్న చర్చకే వారం పట్టింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కనుక జాకీయే నెగ్గింది.

జాకీల్లోనూ శాఖలున్నాయి. పాడక్ స్టాండు ఒక చక్రాన్ని మాత్రమే లేపుతుంది. లేపేటప్పుడు బండి పడకుండా ఇంకొకరు పట్టుకుంటే మంచిది. మా ఇంట్లో అంతటి నమ్మకస్థులు లేరు. కత్తెరలా విచ్చుకునే జాకీ ఇంజను కింద దూరుతుంది గానీ, అక్కడ చదునైన ఫ్రేము ఉండాలి. సైలెన్సర్ గొట్టం అడ్డొస్తే బరువంతా దాని నెత్తినే. ఇక మిగిలింది హైడ్రాలిక్ బల్ల. 450 కిలోలు ఎత్తుతుంది. నా స్ప్లెండర్ 112 కిలోలు. మిగతా 338 ఎందుకంటారా? పెళ్ళి సంబంధంలో ఆస్తి ఎక్కువుంటే ఎవరైనా వద్దంటారా?

"బండికి డబుల్ స్టాండుంది కదరా" అంది అమ్మ. ఆ మాటని మినిట్స్‌లో రాయలేదు.

బల్లని లారీలోంచి పంచలోకి చేర్చడానికి అయిదుగురు కావలసి వచ్చారు. బండిని ఎక్కించి, ముందు చక్రం బిగించి, కాలితో పంపు కొట్టాను. నడుం ఎత్తుకి లేచింది! పక్కింటి ఒడియా మాస్టారు "జై జగన్నాథ్" అనేశారు.

వెనక చక్రం విప్పబోతే అసలు సంగతి తెలిసింది. బల్ల బండిని ఎత్తుతుంది గానీ చక్రాన్ని ఎత్తదు. చక్రాలు రెండూ బల్ల మీదే ఆనుకుని ఉన్నాయి. అటూ ఇటూ చూసి, బల్ల మీదే డబుల్ స్టాండ్ వేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

తెల్లారేసరికి బల్ల జానెడు కిందికి దిగింది. ఎత్తాక ఇనపకడ్డీ అడ్డం దోపాలట, నూనె ఒత్తిడిని నమ్మకూడదట. ఆ కడ్డీ డాబా మీద వడియాల గుడ్డ ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.

చివరికి మెకానిక్కే రాష్ట్రం దాటి వచ్చాడు. తన బండికి డబుల్ స్టాండ్ వేసి, బల్ల కింద కారిన నూనెని వేలితో తాకి చూశాడు.

"సీలు పోనాది బాబూ. అడుగునుంచి ఇప్పాల. దీన్నెత్తడానికి ఇంకో జాకీ ఉందేటి?"