వ్రతంలో పలికిన బ్లూటూత్

మాగుంట లేఅవుట్‌లో మా ఓనరు గారింటి సత్యనారాయణ వ్రతాన్ని చెడగొట్టింది నేనేనని ఈపాటికి సగం నెల్లూరుకి తెలిసిపోయింది. మిగతా సగానికి నేనే చెప్పుకుంటాను, పరువు ఎటూ మిగల్లేదు కాబట్టి.

నిరుడు వినాయక చవితికి ఓనరు గారబ్బాయి కొత్త స్పీకరు కొన్నాడు. నా లాప్‌టాప్‌ని బ్లూటూత్‌తో, అంటే వైరు లేకుండా, దానికి కలిపి ఓ అరగంట పాటలు వేశాను. అరగంట పరిచయం, అంతే. తిరుపతి బస్సులో పక్క సీటు ఆయన్ని గూడూరులో దిగిపోగానే మరిచిపోతాం. ఇది మాత్రం మరవలేదు. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హెరాల్డ్ అనే రాజు బిరుదు నుంచి బ్లూటూత్‌కి ఆ పేరు వచ్చింది. విడివిడిగా ఉన్నవాళ్లని కలిపాడట మహానుభావుడు. ఎవరు కలపమన్నారయ్యా నిన్ను?

వ్రతం రోజు శాస్త్రిగారు నాలుగో అధ్యాయంలో ఉన్నారు. స్పీకరులో సన్నగా విష్ణు సహస్రనామం. అంతలో ఓనరు గారబ్బాయి దాన్ని పాడిస్తున్న ఫోను జేబులో వేసుకుని అరిటాకుల కోసం బజారుకి వెళ్లాడు. స్పీకరు దిక్కులేనిదైంది. సరిగ్గా అప్పుడే పైఅంతస్తులో నేను ఆఫీసు మీటింగుకి లాప్‌టాప్ తెరిచాను.

కింద కథలో, సన్యాసి వేషంలో వచ్చిన స్వామి వర్తకుణ్ని అడుగుతున్నాడు: "నాయనా, నీ పడవలో ఏముంది?"

"ది బ్లూటూత్ డివైజ్ ఈజ్ కనెక్టెడ్ సక్సెస్‌ఫుల్లీ" అంది స్పీకరులోని ఆడమనిషి. ఆ వెంటనే మా మేనేజరు గొంతు, పీటల మీద అక్షింతలు అదిరేట్టు: "ఏమీ లేదు! మొత్తం ఖాళీ! నెలంతా ఒక్క ఎంట్రీ లేదు!"

వర్తకుడు చెప్పాల్సింది ఆకులూ తీగలూ అని. ఇన్నేళ్ల పౌరోహిత్యంలో శాస్త్రిగారికి ఆ పడవ నుంచి ఇంత నిజాయితీ గల జవాబు ఎన్నడూ రాలేదట. కలశం వంక చూశారట. మామ్మగారు చెంపలేసుకున్నారట. పైన నాకా, ఒక్క ముక్క వినబడడం లేదు. "సార్, మీ వాయిస్ రావడం లేదు, కొంచెం గట్టిగా" అన్నాను. ఆయన గట్టిగానే అన్నాడు: "శుక్రవారం లోపల లెక్క అప్పజెప్పకపోతే నీ సంగతి చూస్తా!" ఓనరు గారిది రొయ్యల వ్యాపారం. ఏ లెక్క గుర్తొచ్చిందో ఏమో, అక్కడికక్కడే పసుపు గుడ్డలో ముడుపు కట్టారు.

సాయంత్రం మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. ప్రసాదం గిన్నె చేతిలో పెట్టి, "ఏం అబ్బయ్యా, మీ ఆఫీసు లెక్కలు మీరు మీరు చూసుకోరాదా? సామి ముందర పెట్టేదెందుకు?" అన్నారు. తల దించుకున్నాను. ఆ రాత్రే బ్లూటూత్‌ని సమూలంగా ఆపేయాలని శపథం పట్టాను.

ఆపాను. మర్నాడు మళ్లీ ఉంది. సరే, దాంతో పాటు వైఫైని కూడా ఆపి చూద్దామనుకుంటే అది వినయంగా ఓ ప్రశ్న వేసింది: మళ్లీ ఎప్పుడు రమ్మంటారు? గంటకా, నాలుగు గంటలకా, రేపా? అప్పులవాడు కూడా గుమ్మం దిగాకే ఇంకో వాయిదా అడుగుతాడు. ఐఫోన్ల వాళ్లదీ ఇదే తంతు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కంట్రోల్ సెంటర్‌లో వైఫై బొమ్మ నొక్కితే ఆగదు, కాసేపు తప్పుకుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి, పాలవాడి కంటే ముందు, తిరిగొచ్చేస్తుంది.

పోనీ వైఫై, బ్లూటూత్ అన్నీ ఒకేసారి ఆపే విమానం బొమ్మ నొక్కుదామా? దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ల తరబడి వింటున్నాం. అది వచ్చే లోపల నెల్లూరులో విమానం ఎక్కినవాణ్ని నేనొక్కణ్నే, రోజుకు నాలుగు సార్లు, మంచం మీద కూర్చుని. చివరికి లాప్‌టాప్ భాగాల జాబితా ఉండే డివైజ్ మేనేజర్‌లోకి దిగి, బ్లూటూత్ మీద రైట్ క్లిక్ కొట్టి, డిసేబుల్ చేశాను. పది రోజులు ప్రశాంతత. పదకొండో రోజు అప్‌డేట్ అయింది, లాప్‌టాప్ తనంతట తానే రీస్టార్ట్ అయింది, కింద హాల్లో ఆడమనిషి గొంతు మళ్లీ మంగళకరంగా పలికింది.

మన శ్రీహరికోట నుంచి లేచిపోయిన చంద్రయాన్-3 ల్యాండర్‌ని 2023 సెప్టెంబరు 4న పడుకోమన్నారు. పడుకుంది. మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్ల అవతల, వైరు లేకుండా, ఒక్క మాట మీద. తర్వాత లేపినా లేవలేదు, అంత బుద్ధిమంతురాలు. నా ఒళ్లో కూర్చున్నది మాత్రం వినదు.

వినదు అన్నానా? వింటుంది, మనకి అక్కర్లేనప్పుడు. కీబోర్డు పై వరసలో ఎఫ్2 మీదో ఎఫ్12 మీదో చీమ తలకాయంత విమానం బొమ్మ ఉంటుంది. తుడుస్తుంటే గుడ్డ తగిలినా చాలు, వైఫై చచ్చిపోతుంది. నోటీసు లేదు, కారణం లేదు.

కొడవలూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పదింబావుకి వైఫై గుర్తు మాయం. బస్సెక్కి, లాప్‌టాప్‌ని చున్నీలో చుట్టుకుని, ఒక రిపేరు షాపుకి పరిగెత్తింది. "కార్డు కాలిపోయింది, మార్చాల" అన్నారు. మూడు రోజులు ఉంచుకున్నారు. పద్దెనిమిది వందలు తీసుకున్నారు. తర్వాత ఆ లాప్‌టాప్ నా దగ్గరికొచ్చింది. వెనక మూత స్క్రూల గాడిలో దుమ్ము దుమ్ముగానే ఉంది, స్క్రూడ్రైవరు మొన ఆనిన గుర్తు ఒక్కటి లేదు. కార్డు మార్చలేదు. మూత కూడా తీయలేదు. ఒక మీట నొక్కారు. ఒక్క మీట! దానికి పద్దెనిమిది వందలు, రొయ్యల ప్లాంటులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసే వాళ్లమ్మ కూలి డబ్బులు. ఇంటర్వ్యూ సంగతి ఎవడు అడిగాడు? సిగ్గుండాలి. షాపు వాడికి ఉండాలి, అక్షరం ముక్క లేకుండా ఒట్టి బొమ్మ గీసి వదిలేసిన ఇంజినీర్లకి ఇంకా ఎక్కువ ఉండాలి. ఆ అమ్మాయి నన్ను అడిగిందొకటే: "నేనేం తప్పు నొక్కినాను అన్నా?" ఏం చెప్పమంటారు?

ఒకప్పుడు లాప్‌టాప్ పక్కన వేలిగోరంత స్విచ్చి ఉండేది. ఇటు జరిపితే ఉంది, అటు జరిపితే లేదు, చీకట్లో తడిమినా తెలిసేది. లోపలి వైఫై కార్డులో రేడియోని ఆపడానికే ఒక పిన్ను, పాత మినీ కార్డుల్లో అయితే ఇరవయ్యోది. స్విచ్చి మాట పిన్ను వినేది. ఆ స్విచ్చి పీకి పారేసి మనకిచ్చింది ఒక బొమ్మ, ఒక విన్నపం, ఒక వాయిదా. నా డబ్బుతో కొన్నాను, నా ఇంటి కరెంటు తాగుతోంది, వద్దంటే వద్దనే పెత్తనం మాత్రం నాది కాదట.

ఇప్పుడు రీస్టార్ట్ చేసి, లాప్‌టాప్‌లో అన్నిటికంటే ముందు లేచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి, బ్లూటూత్‌ని అక్కడే పీక నొక్కాను. నెల రోజులుగా గప్‌చుప్. ఈ కబురు ఎంతో గర్వంగా మామ్మగారికి చెప్పాను. వచ్చే శనివారం మళ్లీ వ్రతముంది మరి.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అదంతా నాకు తెలీదు అబ్బయ్యా. శనివారం పొద్దున్నే ఆ పెట్టెను చంకన పెట్టుకోని పెన్న బ్రిడ్జి దాటిపో. కథ అయినాక ఫోను చేపిస్తా, వచ్చి ప్రసాదం తిందువు" అన్నారు.