అందరి భోజనాలూ అయ్యాక తినే మనిషికి డైట్ చార్ట్ ఎందుకు?

నిన్న మధ్యాహ్నం మా చెల్లెలి భర్త గ్లూకోమీటర్‌ను ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. భోజనమైన రెండు గంటలకు 168. చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల, గర్భంతో వచ్చే షుగర్ బయటపడింది. ఫొటో కింద ఒక్క మాట కూడా రాయకుండా ఏడుపు ముఖం బొమ్మ ఒకటి తగిలించాడు. ఇక చూడండి, ఎప్పుడూ పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మరేదీ రాయనివారు కూడా న్యాయమూర్తులై కూర్చున్నారు. మామిడిపండు తిన్నదా అని ఒకరు విచారించారు, మొదటినుంచీ నోరు కట్టుకోలేదని మరొకరు తీర్పు చెప్పారు, అన్నం పూర్తిగా మానేస్తే వారంలో తగ్గిపోతుందని ఇంకొకరు శిక్ష ఖరారు చేశారు. ఒక పెద్దాయన మెంతినీళ్ల వీడియో పంపారు. ఆయన మాత్రం తన షుగర్ మాత్రలను ఒక్క పూట కూడా మానరు.

ఈ న్యాయమూర్తులలో సగం మంది త్వరలో సీమంతానికి రానున్నారు. అక్కడ వీరి స్వరం ఎలా మారుతుందో నాకు ఇప్పుడే వినబడుతోంది. చలిమిడి, సున్నుండలు, లడ్డూలు పళ్లేలలో పేర్చి, "ఒక్కటి తింటే ఏమీ కాదమ్మా, కడుపుతో ఉన్నదానివి, కోరిక చంపుకోకూడదు" అని నోట్లో కుక్కేవారు వీరే. తినకపోతే పొగరంటారు, తిన్నాక అంకె పెరిగితే ఒళ్లు తెలియని తిండి అంటారు. ఇద్దరి కోసం తినాలన్న మాటను వేదవాక్యంగా వల్లించే అత్తయ్యలకు ఒక్క సంగతి విన్నవిస్తున్నాను. గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది సుమారు 350 కేలరీలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక కప్పు సెనగల గుగ్గిళ్లు. కడుపులో ఉన్న రెండో మనిషికి విస్తరి వేరుగా వేయవలసిన పని లేదు.

అసలు ఇది నోరు కట్టుకోకపోవడం వల్ల వచ్చిన జబ్బు కాదు. గర్భం ముదిరేకొద్దీ మాయ (బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) నుంచి విడుదలయ్యే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. బిడ్డకు గ్లూకోజ్ పుష్కలంగా అందాలని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. చాలామందిలో క్లోమం మామూలుకన్నా రెట్టింపు, అంతకు మించి కూడా ఇన్సులిన్ తయారుచేసి నెగ్గుకొస్తుంది, కొందరిలో నెగ్గుకురాలేకపోతుంది. వయసు, ముందునుంచీ ఉన్న అధిక బరువు, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య, వంశంలో షుగర్ ఉండటం ఆ అవకాశాన్ని పెంచుతాయి. వంశమంటే గుర్తుకొచ్చింది, మా నాన్నకు షుగర్, బాబాయికి షుగర్, మేనత్తలకు షుగర్. పొలం పంచేటప్పుడు ఆడపిల్లలను మరచిపోయిన మా వంశం దీనిని మాత్రం ఎంతో న్యాయంగా అందరికీ పంచింది. ఇచ్చినవారే ఇప్పుడు గ్రూపులో కూర్చొని పుచ్చుకున్నదాన్ని నిందిస్తున్నారు.

168ని తేలికగా తీసుకోమని నేను చెప్పడం లేదు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది గాని, తల్లి ఇన్సులిన్ దాటదు. కనుక ఆ చక్కెరను తట్టుకోవడానికి బిడ్డే తన చిన్న క్లోమంతో అదనంగా ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, కొవ్వు పట్టి బరువెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది, పుట్టిన కొద్ది గంటల్లోనే ఆ బిడ్డకు షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే మన ప్రభుత్వ మార్గదర్శకాలు ప్రతి గర్భిణికీ మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి పరీక్ష చేయమన్నాయి. పరగడుపున రావలసిన పని కూడా లేదు, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తరువాత రక్తం తీస్తారు, 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భకాలపు షుగర్ అంటారు. ఆ తరువాత పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంచుకోవాలి. మా చెల్లెలికి ఈ అంకెలన్నీ కంఠతా వచ్చు. ఇంట్లో మిగిలినవారిలో ఒక్కరికీ రావు, అడిగి తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు.

ఆమెకు ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ చార్ట్‌ను నేను చదివాను. జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితం, సగం అక్షరాలు చెరిగిపోయాయి, చెరగని సగంలో ఓట్స్, కినోవా, బ్రకోలీ, అవకాడో ఉన్నాయి. సందు చివర తోపుడుబండి మీద దొరికే గోరుచిక్కుడు, బీరకాయ, దొండకాయ, తోటకూర ఆ కాగితంలో లేవు, ఇంత మంచి పెసరట్టు లేదు, మజ్జిగ లేదు, గుగ్గిళ్లు లేవు. మా వాళ్లు ఆ చార్ట్‌ను తమకు తోచినట్టు అనువదించుకొని, అన్నం తీసేసి, పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగిజావ బెల్లం వేసి ఇవ్వడం మొదలుపెట్టారు. బెల్లం చక్కెర కాదట, నల్లగా ఉంది కనుక మందట! నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే రాగుల్లో సుమారు 67 గ్రాములు ఉంటుంది. తేడా ఉంది, కాని అది మంత్రం వేసినంత తేడా కాదు. పైగా పిండిని మెత్తగా పట్టించి, పలుచగా కాచి, ఒక్క గుక్కలో తాగిస్తే అది రక్తంలోకి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఉదయం పూట ఇన్సులిన్ పని మరీ మందకొడిగా ఉంటుంది కనుక, అప్పుడే పిండిపదార్థం తక్కువగా, పెసరట్టో, గుడ్డో, ఇడ్లీ అయితే రెండింటితో ఆపి గిన్నెడు చిక్కటి సాంబారో తీసుకోవడం మేలు.

ఇక నాకు నిజంగా మండుతున్న విషయం చెబుతాను. పళ్లెంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతు అన్నం ఉండాలని వైద్యులంతా చెబుతారు. ఎంతో చక్కని లెక్క. అయితే ఆ పళ్లెం పెట్టుకునేది ఎప్పుడు? గతవారం చెల్లెలి అత్తవారింట్లో భోజనానికి కూర్చొని నా కళ్లతో చూశాను. మామగారు, బావగారు, మరిది, పిల్లలు వరుసగా తిన్నారు. బీరకాయ కూర గిన్నె బల్ల చుట్టూ తిరిగి తిరిగి ఖాళీ అయింది. కోడిగుడ్డు పులుసులో గుడ్లు లేవు, పులుసు ఉంది. చివరికి అత్తగారూ మా చెల్లెలూ కూర్చునేసరికి గిన్నె అంచుకు అంటుకున్న రెండు చెంచాల కూర, అడుగున నీళ్లపప్పు, కుక్కర్‌లో మాత్రం బోలెడంత అన్నం మిగిలాయి. ఏ ఇంట్లోనైనా చివర తినేవారికి మిగిలేది అన్నమే, ఎందుకంటే మనం కూరను కొలిచి వండుతాము, అన్నాన్ని కొలవకుండా వండుతాము. ఆకలితో ఉన్న గర్భిణి ఆ అన్నాన్నే పచ్చడి వేసుకొని కలుపుకుంటుంది, రెండు గంటల తరువాత 168 వస్తుంది, ఆమె భర్త దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. ఆ ఫొటోలో కనబడవలసింది ఖాళీ కూరగిన్నె.

ఇదే ఇంట్లో నాలుగేళ్ల క్రితం మామగారికి షుగర్ బయటపడినప్పుడు జరిగింది వేరు. ఆయనను ఎవరూ ఏమి తిన్నారని అడగలేదు. ఆయన రిపోర్టు ఏ గ్రూపులోకీ ఎక్కలేదు. మరునాటి నుంచే వంటగది మొత్తం ఆయన చుట్టూ తిరిగింది. రాత్రి ఏడున్నరకు వేడివేడి పుల్కాలు, వాటికి విడిగా నూనె తక్కువ కూర, పదకొండింటికి మజ్జిగ, సాయంత్రం నానబెట్టిన పెసలు, టీలో పంచదార లేదు. పాపం, ఆయనకు పుల్కా చల్లారితే సయించదు కనుక ఒక్కొక్కటిగా కాల్చి వడ్డించాలి. కాల్చింది ఎవరని అడగకండి, ఈ రోజుకూ ఏడో నెల కడుపుతో పొయ్యి ముందు నిలబడి మా చెల్లెలే కాలుస్తోంది. షుగర్ ఉన్న మనిషికి వేళకు తిండి పెట్టడం ఆ ఇంటికి బాగా తెలిసిన విద్యే. ఆ విద్య కోడలి దాకా రాదు.

వేళ అన్నది చిన్న విషయం కాదు. మూడు పూటల భోజనాన్ని కొంచెం తగ్గించి మధ్యలో రెండు మూడుసార్లు గుగ్గిళ్లో, మజ్జిగో, కొద్దిగా పల్లీలో తీసుకుంటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఆమె దినచర్య చూడండి. ఆరింటికి లేచి పాలు కాచి, క్యారేజీలు కట్టి, పిల్లలను బడి ఆటో ఎక్కించి, టిఫిన్ తినేసరికి పదిన్నర అవుతుంది. రాత్రి సీరియల్ అయ్యాక, వడ్డనలు అయ్యాక తొమ్మిదిన్నరకు తిని, గిన్నెలు తోమి పడుకుంటుంది. తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు ఆ గ్లూకోజ్‌ను కొంత వాడుకుంటాయి, వైద్యులు కాదనకపోతే గర్భిణికి ఇంతకన్నా చవకైన మందు లేదు. ఇంటిపనే వ్యాయామం కదా అని అత్తగారు అన్నారు. సింకు ముందు నిలబడటం నడక కాదండీ, దానివల్ల వచ్చేది కాళ్లవాపు. ఆ గిన్నెలేవో ఫొటోలు తీసే చేతులు తోమితే ఆమె మేడ మీద నాలుగు చుట్లు తిరిగి వస్తుంది.

అన్నం పూర్తిగా మానమని చెప్పినవారికి ఇంకొక మాట. గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలంటారు. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయి, అవి బిడ్డకు మంచివి కావు. గ్లూకోమీటర్‌లో మంచి అంకె చూపించి మెప్పు పొందడానికి పస్తులుండే ఆడవాళ్లు ఉన్నారు, మా చెల్లెలు కూడా మొన్న రాత్రి అదే పని చేసింది. తిట్టే నోళ్లకు భయపడి చేసింది. రెండు వారాల పాటు తిండి సరిదిద్దినా అంకె 120కి దిగకపోతే మందు మొదలుపెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇన్సులిన్ సూది వేస్తే జీవితాంతం వేసుకోవాలని భయపెట్టేవారు, ఆ ఇన్సులిన్ బిడ్డకు చేరదనీ, చాలామందికి కాన్పుతో దాని అవసరం తీరిపోతుందనీ కూడా చెబితే బాగుంటుంది. సూది అవసరమైతే ఆమె ఓడిపోయినట్టు కాదు. ఆమె మాయ ఆమె క్లోమంకన్నా బలంగా ఉన్నట్టు, అంతే.

నేను పుట్టినప్పుడు నాలుగు కిలోల పైమాటేనట. ఆ బొద్దుతనాన్ని మా నాయనమ్మ ఊరంతా చెప్పుకొని మురిసిపోయింది. ఎందుకంత బరువని ఎవరూ అడగలేదు, అమ్మకు ఏ పరీక్షా చేయలేదు. నలభై ఐదు దాటకుండానే అమ్మకు షుగర్ వచ్చింది, అప్పుడు కూడా "స్వీట్లు ఎక్కువ తింటుంది" అన్నారు. అమ్మ కూడా అందరికన్నా చివర, కూర లేని అన్నం తిన్న మనిషే.

కాన్పు అయ్యాక చాలామందికి అంకెలు సర్దుకుంటాయి, అందరూ ఈ సంగతి మరచిపోతారు. మరచిపోకూడదు. గర్భకాలంలో షుగర్ వచ్చిన తల్లులకు తరువాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం కనీసం ఏడు రెట్లు ఎక్కువని 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అందుకే కాన్పైన ఆరు వారాలకు తల్లికి మళ్లీ అదే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలి. బిడ్డకు టీకాలు వేయించవలసిందీ ఆరు వారాలకే, ఆ తేదీ మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఆసుపత్రి ఒకటే, ఆటో ఒకటే, తల్లి పేరున ఇంకొక చీటీ రాయిస్తే చాలు. గ్లూకోజ్ తాగాక ఆమె రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి కనుక, ఆ రెండు గంటలూ పసిబిడ్డను ఎత్తుకొని వరండాలో తిరగడం తండ్రిగారి వంతు.